సిలోన్‌ను ఎక్కడ ఉంచాలి, ఎక్కడ శ్రీలంకగా మార్చాలి

1948 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో డంకన్ వైట్ రజత పతకం గెలిచాడు. తెలుగులో ఈ సంగతి రాసేటప్పుడు ఆయన్ని "శ్రీలంక అథ్లెట్" అనేయడం మామూలు. ఆ ఏడాది పతకాల పట్టిక తిరగేస్తే శ్రీలంక ఎక్కడా ఉండదు, సిలోన్ ఉంటుంది. ఆ దేశం పేరు సిలోన్ నుంచి శ్రీలంకగా మారింది 1972లో. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పాత ఇంగ్లిష్ పుస్తకాలు చదివి చదివి అలవాటైనవాళ్లు "2009లో సిలోన్‌లో యుద్ధం ముగిసింది" అని రాసేస్తారు. మొదటి వాక్యంలో పేరు ముందే వచ్చింది, రెండో వాక్యంలో గడువు దాటి వచ్చింది.

అనువాదం చేసేవాళ్లకు, పత్రిక డెస్కులో ఉన్నవాళ్లకు, ఇంట్లో పాత కాగితాలు సర్దుతున్నవాళ్లకు, దాల్చిన చెక్కో టీ పొడో అమ్ముతూ లేబుల్ రాసేవాళ్లకు ఈ పేరు ఏదో ఒక రోజు ఎదురవుతుంది. అప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ సంగతి ఏ తేదీది? ఆ మాట దేశం పేరుగా వచ్చిందా, మరో పేరులో ముక్కగా వచ్చిందా? నూటికి తొంభై చోట్ల వీటితోనే పని తేలిపోతుంది. మిగిలిన పది చోట్ల ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

ఈ మాట ఇంగ్లిష్‌వాళ్లు పుట్టించింది కాదు

"బ్రిటిష్‌వాళ్లు పెట్టిన పేరు" అని రాయకండి. సంస్కృతంలో సింహళం, పాళీలో సీహళం. అరబ్బు నావికుల నోట సీహళదీపం "సరందీబ్" అయింది, ఒట్టి సీహళం "సీలాన్" అయింది. 13వ శతాబ్ది చివర అటుగా వెళ్లిన మార్కో పోలో రాతల్లో "సెయిలాన్" ఉంది. 14వ శతాబ్దిలో వచ్చిన ఇబ్న్ బతూతా కూడా దాదాపు ఇదే మాట వాడాడు. 16వ శతాబ్ది మొదట్లో వచ్చిన పోర్చుగీసువాళ్లు దాన్ని తమ నుడికారంలోకి దించుకున్నారు. డచ్చివాళ్లు మొదటి అక్షరాన్ని "జ" చేసి రాశారు. ఇంగ్లిష్‌వాళ్ల చేతికి వచ్చేసరికి సిలోన్ అయింది. అంటే సిలోన్, సింహళం ఒకే మాటకు రెండు రూపాలు. సరందీబ్ నుంచి ఇంగ్లిష్‌లో ఇంకో మాట కూడా పుట్టింది. 1754లో హొరేస్ వాల్పోల్ ఒక ఉత్తరంలో తయారు చేసిన "సెరెండిపిటీ", అంటే వెతకనిది అదృష్టవశాత్తూ దొరకడం.

గ్రీకులు వాడిన "తప్రొబేన్" వేరే వేరు నుంచి వచ్చింది. దాని మూలం తామ్రపర్ణి, పాళీలో తంబపణ్ణి. ఈ రెండు వంశాల పేర్లూ తెలుగు నేల మీది రాళ్లలో ఉన్నాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుడి శాసనాల్లో తంబపణ్ణి వస్తుంది, చాలామంది పండితులు దాన్ని ఈ ద్వీపంగానే చదువుతారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి, అంటే క్రీ.శ. 3వ శతాబ్ది నాటి బోధిసిరి శాసనం ఇంకా ముచ్చటైనది. తంబపణ్ణి భిక్షువుల ప్రస్తావన, సీహళ విహారం ప్రస్తావన ఒకే శాసనంలో ఉన్నాయి. దేశానికి ఒక పేరు, అక్కడివాళ్ల విహారానికి ఇంకో పేరు వాడటానికి ఆనాటివాళ్లు ఏమీ ఇబ్బంది పడలేదు.

"శ్రీలంక" కూడా 1972లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. లంక అన్నది సింహళ భాషలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పేరు. 1935లో పుట్టిన పార్టీ పేరు లంక సమ సమాజ పార్టీ. 1951లో పుట్టిన పార్టీ పేరు శ్రీలంక ఫ్రీడమ్ పార్టీ. కాబట్టి "1972కు ముందు శ్రీలంక అనే మాటే లేదు" అన్నా తప్పే. ఆ ఏడాది మారింది దేశపు అధికారిక పేరు, అందులోనూ ముఖ్యంగా ఇంగ్లిష్ పేరు.

తేదీని బట్టి

ఈ తేదీలు కాగితం మీద రాసి బల్ల దగ్గర అంటించుకోండి.

1796: తీరప్రాంతాలు డచ్చివాళ్ల నుంచి ఈస్టిండియా కంపెనీకి.
1802: ఆ ప్రాంతం నేరుగా బ్రిటిష్ రాజు కింద వలస రాజ్యం.
1815 మార్చి 2: కాండీ ఒప్పందం, ద్వీపమంతా బ్రిటిష్ పాలనలోకి.
1948 ఫిబ్రవరి 4: స్వాతంత్ర్యం. దేశం పేరు సిలోన్.
1972 మే 22: గణతంత్రం. దేశం పేరు శ్రీలంక.
1978 సెప్టెంబరు 7: కొత్త రాజ్యాంగం. పూర్తి పేరు శ్రీలంక ప్రజాతంత్ర సామ్యవాద గణతంత్రం.

1796 నుంచి 1972 మే 21 దాకా జరిగిన రాజకీయ, పాలనా సంగతులకు సిలోన్. ఆ తర్వాతివాటికి శ్రీలంక. వ్యాసంలో సిలోన్ మొదటిసారి వచ్చిన చోట "సిలోన్ (నేటి శ్రీలంక)" అని ఒక్కసారి రాసి, అక్కడినుంచి సిలోన్ అనే కొనసాగించండి. ప్రతి పేరాలో కుండలీకరణం పెడితే చదివేవాడికి రాళ్లున్న అన్నం తిన్నట్టు ఉంటుంది. "అప్పటి శ్రీలంక" అనే ప్రయోగం మాత్రం పూర్తిగా మానేయాలి. అప్పట్లో ఉన్న పేరు అది కాదు, ఇప్పుడున్న పేరుకు "అప్పటి" అక్కర్లేదు.

ఎక్కువగా దొర్లే తప్పులు కొన్ని:

సిరిమావో బండారనాయకే 1960 జులై 21న ప్రధాని అయింది సిలోన్‌కు. 1970లో మళ్లీ గెలిచి 1977 దాకా ఉన్నారు, పేరు మారింది ఆ మధ్యలో. ఆ పదవీకాలం మొత్తాన్ని ఒకే వాక్యంలో చెప్పాలంటే దేశం పేరు ఎత్తకుండా "రెండోసారి ప్రధానిగా" అనడం మేలు.

1971 ఏప్రిల్‌లో జేవీపీ (జనతా విముక్తి పెరమున అనే వామపక్ష పార్టీ) తిరుగుబాటు జరిగింది సిలోన్‌లో. ఏడాది తేడాతో చాలామంది శ్రీలంక అని రాసేస్తారు.

ముత్తయ్య మురళీధరన్ 1972 ఏప్రిల్ 17న కాండీలో పుట్టాడు. పేరు మారడానికి అప్పటికి ఇంకా 35 రోజులుంది. ఆటగాడిగా ఆయన శ్రీలంకవాడే, పుట్టిన నాటికి దేశం సిలోన్. ఇలాంటి చోట ఊరి పేరు ఒక్కటే రాస్తే గొడవే లేదు.

క్రికెట్‌లో 1965 జనవరిలో అహ్మదాబాద్‌లో భారత్‌ను అనధికార టెస్టులో ఓడించింది సిలోన్ జట్టు. 1975 ప్రపంచకప్ ఆడింది శ్రీలంక. 1982 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో మొదటి అధికారిక టెస్టు ఆడిందీ శ్రీలంకే.

ప్రాచీన చరిత్రకు సిలోన్ పనికిరాదు. "క్రీ.పూ. 3వ శతాబ్దిలో సిలోన్‌లో బౌద్ధం వేళ్లూనింది" అంటే గుప్తుల కాలంలో కలెక్టరు ఉన్నట్టు ఉంటుంది. అక్కడ భౌగోళికంగా చెప్పాలంటే శ్రీలంక, ఆ కాలపు వాసన కావాలంటే సింహళం లేదా లంక. రామాయణ ప్రసంగంలో లంక అనే ఉంచండి. ఆ లంక ఈ ద్వీపమేనా అన్నది పండితుల్లో ఇప్పటికీ తెగని వాదం, మీ అనువాదం ఆ తగవు తీర్చనక్కర్లేదు.

1796కూ 1815కూ మధ్య ఇంకో మెలిక ఉంది. సిలోన్ అంటే ఆ కాలంలో తీరం మాత్రమే. లోపలి కొండల్లో కాండీ రాజ్యం వేరుగా ఉంది. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి "సిలోన్ రాజు" అనకుండా "కాండీ రాజు" అనాలి. మధుర నాయకుల వైపు నుంచి వచ్చిన ఆ నాయక్కర్ వంశానికి తెలుగు మూలాలున్నాయి. 1815లో పట్టుబడ్డాక ఆయన్ని వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే చనిపోయాడు.

పేరులో ఇరుక్కున్న సిలోన్

తేదీ 1972 తర్వాతదే అయినా మార్చకూడని చోట్లు ఉన్నాయి. సంస్థ పేరులో భాగమైతే ఆ సంస్థ ఏం పెట్టుకుందో అదే రాయాలి. 1939లో మొదలైన బ్యాంక్ ఆఫ్ సిలోన్ ఇప్పటికీ ఆ పేరే వాడుతుంది. సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్, సిలోన్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, చర్చ్ ఆఫ్ సిలోన్, తేయాకు తోటల తమిళుల పార్టీ సిలోన్ వర్కర్స్ కాంగ్రెస్ కూడా ఇలాంటివే. ప్రభుత్వ సంస్థల పేర్లలోంచి సిలోన్ తీసేయాలని 2011లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది, కానీ అన్నీ మారలేదు. అందుకని "నిర్ణయం అయింది కదా" అని మీరే మార్చేయకుండా, రాసే రోజున ఆ సంస్థ తన ఉత్తరాల మీద ఏ పేరు వేసుకుంటోందో చూడండి.

కొన్ని సంస్థలు మెట్లు మెట్లుగా మారాయి. మన ఇళ్లలో పాటలు వినిపించిన స్టేషన్ 1967 దాకా రేడియో సిలోన్. ఆ ఏడాది జనవరిలో సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్, 1972లో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది. 1952లో సమాచార శాఖ మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు గేట్లు మూయగానే శ్రోతలు తిరిగింది రేడియో సిలోన్ వైపు. హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా అక్కడ మొదలైందీ ఆ ఏడాదే. తర్వాత పేరెన్ని మార్లు మారినా శ్రోతల నోట అది సిలోన్ స్టేషనే. జ్ఞాపకాలు రాసేవాళ్ల మాటల్లో 1975 నాటి ప్రసారానికి కూడా "రేడియో సిలోన్" అని వస్తే కొట్టేయకండి, అది వాళ్ల నుడి. వార్తాకథనంలో, మీ సొంత వాక్యంలో అయితే సరైన పేరు పెట్టండి. విమానాల సంస్థ కథ కూడా ఇంతే, ఎయిర్ సిలోన్ పోయి 1979లో ఎయిర్ లంక వచ్చింది, దాని పేరే తర్వాత శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ అయింది.

చట్టాల పేర్లు, ఒప్పందాల పేర్లు కూడా ముట్టుకోకూడదు. 1948 నాటి 18వ నంబరు చట్టం సిలోన్ పౌరసత్వ చట్టమే. 1964 అక్టోబరు 30న ప్రధానులు లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో సంతకాలు చేసింది భారత్, సిలోన్ ఒప్పందం మీద. పౌరసత్వం తేలని భారత సంతతి తోట కార్మికుల్లో 5 లక్షల 25 వేలమంది భారత్‌కు, 3 లక్షలమంది సిలోన్‌కు, మిగిలిన లక్షా 50 వేలమంది సంగతి తర్వాత. ఆ "తర్వాత" 1974లో వచ్చింది. అప్పుడు చెరి 75 వేలు పంచుకున్న ఒప్పందం భారత్, శ్రీలంకల మధ్యది. ఒకే జనం గురించిన రెండు కాగితాల్లో రెండు పేర్లు. ఇక్కడ ఏకరూపత కోసం ఒక పేరు చెరిపేస్తే చరిత్ర చెరిగిపోతుంది.

బండ్ల మీద వేసే అంతర్జాతీయ గుర్తు ఇంకా సీఎల్, అంటే సిలోన్ నుంచి వచ్చినదే. ఇంటర్నెట్ చిరునామాల చివర వచ్చేది ఎల్‌కే. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దకండి.

సిలోనీస్ అంటే సింహళీయులు కాదు

అనువాదాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇది. ఇంగ్లిష్‌లోని "సిలోనీస్" దేశాన్ని బట్టి వచ్చిన మాట, "సింహలీస్" జాతిని, భాషను బట్టి వచ్చిన మాట. మూలం ఒకటే కాబట్టి రెండింటినీ సింహళీయులు అనేయాలనిపిస్తుంది. అలా అంటే తమిళులు, ముస్లింలు, డచ్చి సంతతి బర్ఘర్లు అందరూ ఒక్క దెబ్బకు సింహళులైపోతారు. మొదటిదాన్ని "సిలోన్‌వాళ్లు" అనో "సిలోన్ పౌరులు" అనో, రెండోదాన్ని "సింహళులు" అనో రాయండి.

పాత జనాభా లెక్కల్లో "సిలోన్ తమిళులు", "ఇండియన్ తమిళులు" అని రెండు వరసలు ఉంటాయి. మొదటివాళ్లు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో శతాబ్దాలుగా ఉన్నవాళ్లు. రెండోవాళ్లు బ్రిటిష్ కాలంలో కాఫీ, తేయాకు తోటలకు వచ్చినవాళ్ల సంతతి. 1964 ఒప్పందం రెండోవాళ్ల గురించి. "సిలోన్ తమిళులు" అనేది అక్కడ ఒక సాంకేతిక వర్గం పేరు, ప్రాంతాన్ని బట్టి వేసిన విశేషణంగా చదివితే అర్థం తలకిందులవుతుంది. ఇప్పటి లెక్కల్లో అది "శ్రీలంక తమిళులు". మలేషియా, సింగపూర్ పాత పత్రికల్లో సిలోనీస్ అంటే చాలాసార్లు రైల్వేల్లో, ప్రభుత్వ కచేరీల్లో ఉద్యోగాలకు వెళ్లిన జాఫ్నా తమిళులని అర్థం. అక్కడి తెలుగు కుటుంబాల కాగితాలు చదివేటప్పుడు పొరుగింటి "సిలోనీస్" ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది.

ద్వీపంలో తెలుగు మాట్లాడే సంచార జాతి కూడా ఉంది, పాములాడించే అహికుంటికులు. వాళ్ల ప్రస్తావన వస్తే "శ్రీలంక తెలుగువాళ్లు" అనవచ్చు, "సింహళ తెలుగువాళ్లు" అనకూడదు.

సరుకుల మీద

సరుకు పేరులో సిలోన్ ఉంటే ముందు తేల్చాల్సింది అది పుట్టిన చోటు చెబుతోందా, రకం చెబుతోందా, ఊరికే అలంకారమా అన్నది.

టీకి అది పుట్టిన చోటు. 1867లో లూల్‌కొందెర తోటలో జేమ్స్ టేలర్ 19 ఎకరాల్లో తేయాకు నాటాడు. రెండేళ్లకు తుప్పు తెగులు వచ్చి క్రమంగా కాఫీ తోటల్ని తినేయడంతో ద్వీపమంతా తేయాకుకు మళ్లింది. దేశం పేరు మారేనాటికి సిలోన్ టీ అనే పేరుకు వందేళ్ల గిరాకీ ఉంది, కాబట్టి దాన్ని వదులుకోలేదు. లేబుల్ అనువదించేటప్పుడు "సిలోన్ టీ" అనే ఉంచి, ఉత్పత్తి దేశం అన్న గడిలో "శ్రీలంక" రాయాలి. రెండు గడుల్లో రెండు పేర్లు ఉండటం ఇక్కడ తప్పు కాదు, అలాగే ఉండాలి. కత్తి పట్టిన సింహం గుర్తు శ్రీలంక టీ బోర్డుది. నూరు శాతం అక్కడి ఆకే అయి, అక్కడే ప్యాక్ అయితేనే ఆ గుర్తు వేసుకోవాలి. తెచ్చిన ఆకును హైదరాబాద్‌లో ప్యాకెట్లు కట్టేవాళ్లు "సిలోన్ టీ" అనవచ్చు గానీ సింహం బొమ్మ వేయకూడదు. అస్సాం ఆకు కలిపితే ఒట్టి "సిలోన్ టీ" అనడం కూడా మోసమే. ప్యాకెట్ మీద ఎత్తు ప్రస్తావన ఉంటే, 4,000 అడుగులు దాటితే హై గ్రోన్, 2,000 నుంచి 4,000 మధ్యది మిడ్, అంతకంటే కిందిది లో. నువర ఎలియా, డింబుల, ఊవా లాంటివి ప్రాంతాల పేర్లు, అనువదించకుండా లిప్యంతరం చేస్తే చాలు.

దాల్చిన చెక్కకు సిలోన్ అంటే చోటూ, రకమూ రెండూ. మన కిరాణా కొట్లలో దొరికే గట్టి, దళసరి చెక్క చాలావరకు కాసియా. అది వేరే చెట్టు బెరడు. సిలోన్ రకం పల్చని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని చుట్టలా ఉంటుంది, వేళ్లతో నలిపితే పెళుసుగా విరుగుతుంది. కాసియా ఒకే మందపు పొరగా ముడుచుకుని ఉంటుంది, రోట్లో వేసి దంచాలి. భారత ఆహార ప్రమాణాల్లో ఈ రెండూ వేర్వేరు సరుకులు, కాబట్టి కాసియా పొట్లం మీద "సిలోన్ దాల్చిన చెక్క" అని వేస్తే అది వర్ణన కాదు, తప్పుడు లేబుల్. తేడా రుచితో ఆగదు. కాసియాలో కూమరిన్ అనే పదార్థం చాలా ఎక్కువ, మోతాదు మించితే అది కాలేయానికి చెడు చేయొచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్కలో రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాముకు మించకూడదు, అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. రోజూ చెంచాలతో పొడి తాగేవాళ్లకు ఈ రకం పేరు నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి. 2022లో యూరోపియన్ యూనియన్ "సిలోన్ సినమన్"కు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే కొత్త శతాబ్దంలో పాత పేరుకే చట్టబద్ధమైన కంచె పడింది. మెత్తటి పొడిగా కొంటే చూపుతో తేల్చడం కష్టం, కాబట్టి చుట్టలుగా కొని ఇంట్లో పొడి చేసుకోండి. ఆల్బా అని గ్రేడు ఉంటే అవి 6 మిల్లీమీటర్లకు మించని సన్న చుట్టలు.

నీలాల దుకాణంలో "సిలోన్ నీలం" అన్నప్పుడు ఒక్కోసారి పుట్టిన గని చెబుతున్నారు, ఒక్కోసారి లేత నీలిరంగు చెబుతున్నారు. ఏదో అడగండి. ల్యాబు నివేదికలో పుట్టిన దేశం ఒక వరస, రంగు మెరుగుకు రాయిని వేడి చేశారా లేదా అన్నది ఇంకో వరస. మొదటిది శ్రీలంక అని ఉన్నంత మాత్రాన రెండోది తేలినట్టు కాదు. "సిలోన్ పెరిడాట్" అని పాతకాలం వర్తకులు అన్నది పెరిడాటే కాదు, టూర్మలిన్. "మాతర వజ్రం" తెల్ల జిర్కాన్. ఇలాంటి పేర్లు అనువదించేటప్పుడు అసలు రాయి పేరు పక్కన తప్పకుండా రాయాలి.

మొక్కల దగ్గర మాత్రం సిలోన్ అనే మాటను నమ్మడానికి లేదు. మన పెరళ్లలో కుండీల్లో పెరిగే సిలోన్ బచ్చలి అమెరికా ఖండాల మొక్క, టాలినమ్. ఇంగ్లిష్ వంటపుస్తకంలో "సిలోన్ స్పినాచ్" అని ఉంటే అది ఇదే కావచ్చు, లేదా మన తీగ బచ్చలి కావచ్చు. తీగ పాకుతుందని, కాయ ఊదారంగని ఉంటే తీగ బచ్చలి. నిటారుగా పెరిగి గులాబీ రంగు చిన్న పూలు పూస్తుందంటే టాలినమ్. సిలోన్ ఐరన్‌వుడ్ అంటే నాగకేసరం చెట్టు, సిలోన్ శాటిన్‌వుడ్ అంటే మన కొండల్లోనూ ఉండే బిల్లుడు చెట్టు. వీటికి తెలుగు పేరుండగా "సిలోన్ ఇనుపకర్ర" అని కొత్తగా చెక్కనక్కర్లేదు.

శాస్త్రీయ నామాల్లో ఈ పేరు రాయిలా గట్టిపడిపోయింది. చిత్రమూలం ప్లంబాగో జెయ్లానికా, గోధుమరంగు చేపగుడ్లగూబ కెటూపా జెయ్లోనెన్సిస్. ఒకచోట జ, ఒకచోట స, చివర ఒకచోట "ఆనికా", ఒకచోట "ఓనెన్సిస్" కనబడితే అచ్చుతప్పని దిద్దకండి. మొదట పేరు పెట్టినవాళ్లు ఎలా రాస్తే అలాగే ఉంచాలన్నది ఆ శాస్త్రాల నియమం, దేశం పేరు మారినా అవి మారవు. ఈ రెండూ మన దగ్గరా ఉంటాయి. పేరును బట్టి "శ్రీలంక నుంచి వచ్చిన మొక్క" అని కథ అల్లితే తప్పవుతుంది.

టైపు చేసేటప్పుడు, వెతికేటప్పుడు

"సిలోన్‌లో" అని కొట్టేటప్పుడు పొల్లు తర్వాత కనబడని విరామ అక్షరం (ఇంగ్లిష్‌లో ZWNJ) పడకపోతే "సిలోన్లో" అని నకారం కింద లావొత్తు దిగిపోతుంది. చూపుకే కాదు, వెతుకులాటకూ ఇది అడ్డం, ఎందుకంటే కంప్యూటరుకు ఈ రెండూ వేర్వేరు మాటలు. పాత పత్రికల్లో సిలోను, సీలోను, సిలోనుకు, సిలోనులో అనే ఉకారాంత రూపాలు ఎక్కువ. అందుకని "సిలోన" వరకే కొట్టి వెతకండి, తర్వాత "సీలోన" కొట్టండి. సింహళం, సింహళద్వీపం, లంక కూడా విడివిడిగా వెతకాలి. లంకతో వెతికితే గోదావరి లంకలు, లంక పొగాకు, లంక ఇంటిపేరువాళ్లు అందరూ గుమిగూడతారు, వాళ్లను ఓపిగ్గా పక్కకు తప్పించాలి. ఇంగ్లిష్, యూరప్ రికార్డుల్లో మొదటి అక్షరం సి, జెడ్, ఎస్‌లలో ఏదైనా కావచ్చు.

మొత్తం ఒకేసారి మార్చే మీట (రీప్లేస్ ఆల్) జోలికి అస్సలు వెళ్లకండి. "సిలోనంతా", "సిలోనే", "సిలోనా" లాంటి సంధి రూపాలు దానికి దొరకవు. దొరికినవి "శ్రీలంక బచ్చలి", "రేడియో శ్రీలంక" అయి కూర్చుంటాయి. ఒక్కో చోటా ఆగి చూసి మార్చడానికి 200 పేజీల పుస్తకానికి ఒక పూట చాలు. తెలుగులో శ్రీలంక ఒకే మాట, ఇంగ్లిష్‌లో మాదిరి మధ్యలో ఖాళీ వదలకూడదు. వదిలితే పంక్తి చివర "శ్రీ" ఒక్కటే మిగిలి, లంక గారిని గౌరవించినట్టు ఉంటుంది.

ఇంటి కాగితాల విషయంలో నకలు నకలులాగే ఉండాలి. జనన ధ్రువపత్రంలో "కొలంబో, సిలోన్" అని ఉంటే వంశవృక్షంలోనూ అలాగే ఎక్కించి పక్కన (ప్రస్తుతం శ్రీలంక) అని చేర్చండి. ఆన్‌లైన్ ఫారంలో దేశాల జాబితా ఉంటే అందులో సిలోన్ దొరకదు, శ్రీలంక ఎంచుకోండి. రెండు కాగితాల్లో రెండు పేర్లు ఉన్నాయని ఎవరైనా అడిగితే 1972 మే 22 తేదీతో ఒక్క వాక్యం వివరణ రాసి జతచేయండి, పాత కాగితం మీద మాత్రం దిద్దుబాటు వద్దు. 1796 నుంచి 1798 దాకా తీరప్రాంతపు పాలన మద్రాసు నుంచి నడిచింది, ఆ రెండేళ్ల సంగతులకు మద్రాసు రికార్డులు కూడా చూడాలి.

చివరగా, దిద్దడం అలవాటు కావడానికి ఒక నమూనా. మొదట తప్పుల పేరా:

"1952లో శ్రీలంక రేడియో విన్న తరమే 1964లో అప్పటి శ్రీలంకతో శాస్త్రి చేసుకున్న ఒప్పందాన్నీ చూసింది. సింహళీయ పౌరసత్వం దొరకని తోట కార్మికులు భారత్‌కు వచ్చారు. వాళ్లలో కొందరి డబ్బు శ్రీలంక బ్యాంకులోనే ఉండిపోయింది."

దిద్దాక:

"1952లో రేడియో సిలోన్ విన్న తరమే 1964లో సిలోన్‌తో (నేటి శ్రీలంక) శాస్త్రి చేసుకున్న ఒప్పందాన్నీ చూసింది. సిలోన్ పౌరసత్వం దొరకని తోట కార్మికులు భారత్‌కు వచ్చారు. వాళ్లలో కొందరి డబ్బు బ్యాంక్ ఆఫ్ సిలోన్‌లోనే ఉండిపోయింది."

మూడో వాక్యంలో మూలం "సిలోన్‌లోని ఒక బ్యాంకు" అని మాత్రమే అంటోందేమో మళ్లీ చూసుకోండి. అలా అయితే బ్యాంక్ ఆఫ్ సిలోన్ అని రాయడం మీరు కల్పించిన కొత్త సంగతి అవుతుంది.